జయపురం నుంచి ఉత్కేలాకు విమాన దూరం ఎంత, ఎంతసేపు పడుతుంది: తరచుగా అడిగే ప్రశ్నలు

మాది ఒడిశాలో కొరాపుట్ జిల్లా జయపురం. ఇక్కడ ఎయిర్‌పోర్టు తెరిచినప్పటి నుంచి చుట్టాలు, పక్కింటివాళ్లు, వైజాగ్‌లో పిల్లల్ని చదివిస్తున్నవాళ్లు, లాంజిగఢ్ ఫ్యాక్టరీలో పనిచేసే మనవాళ్లు అందరూ దాదాపు అవే ప్రశ్నలు అడుగుతున్నారు. ఫోన్‌లో ఒక్కొక్కరికీ చెప్పే బదులు ఇక్కడ రాసి పెడుతున్నాను. కొన్నిటికి ఒక్క ముక్కలో జవాబు ఉంది, కొన్నిటికి కాస్త ఓపికగా చదవాలి.

ఇంతకీ జయపురానికీ ఉత్కేలాకూ మధ్య విమాన దూరం ఎంత?

నేరుగా గీత గీసి కొలిస్తే సుమారు 150 కిలోమీటర్లు. పైలట్ల లెక్కలో చెప్పాలంటే దాదాపు 81 నాటికల్ మైళ్లు, ఎందుకంటే ఒక నాటికల్ మైలు అంటే 1.852 కిలోమీటర్లు. ఉత్కేలా మనకు ఉత్తరాన, కాస్త తూర్పుకు ఒరిగి ఉంటుంది. కలహండి జిల్లాలో భవానీపట్నకు దగ్గరి ఎయిర్‌పోర్టు అదే.

విమానంలో ఎంతసేపు పడుతుంది?

మా వైపు తిరిగే తొమ్మిది సీట్ల కారవాన్ విమానం గంటకు 300 కిలోమీటర్ల చొప్పున పోతుందనుకుంటే గాలిలో అరగంట. దానికి నేల మీద నడిచే సమయం, పైకెక్కే సమయం, దిగేముందు రన్‌వే చుట్టూ తిరిగే సమయం కలపాలి, అంటే ఇంకో పది పదిహేను నిమిషాలు. మొత్తం 40 నుంచి 45 నిమిషాలు. ఎదురుగాలి గంటకు 30 కిలోమీటర్లు ఉంటే ఆ అరగంట కాస్తా 33 నిమిషాలు అవుతుంది, వెనక నుంచి తోస్తే 27 అవుతుంది. ఇంత చిన్న దూరానికి గాలి వల్ల వచ్చే తేడా అంతే, దాని గురించి టెన్షన్ పడక్కర్లేదు.

అయితే ఇది లెక్క మాత్రమే. కింది ప్రశ్న చదవకుండా బ్యాగు సర్దుకోవద్దు.

రెండిటి మధ్య నేరుగా విమానం ఉందా?

లేదు. జయపురానికి 2022 అక్టోబరు చివర్లో భువనేశ్వర్ నుంచి విమానం మొదలైంది, ఆ తర్వాత వైజాగ్ కూడా కలిసింది. ఉత్కేలాకు 2023 ఆగస్టు 31న భువనేశ్వర్ నుంచి మొదలైంది. రెండూ భువనేశ్వర్‌తో కలిసినవే తప్ప ఒకదానితో ఒకటి కలిసినవి కావు. అంటే ఆ 150 కిలోమీటర్లు కాకి ఎగిరే దూరం, మనకు టికెట్ దొరికే దూరం కాదు.

లేకపోతే వెబ్‌సైట్లలో 150 కిలోమీటర్లు, 41 నిమిషాలు అని ఎందుకు చూపిస్తున్నాయి?

అందరినీ తప్పుదారి పట్టించేది ఇదే, అందుకే కాస్త వివరంగా చెబుతాను. ఆ సైట్ల దగ్గర ప్రపంచంలోని ఎయిర్‌పోర్టుల అక్షాంశం, రేఖాంశం పట్టిక ఉంటుంది. మీరు ఏ రెండు పేర్లు ఇచ్చినా వాటి మధ్య నేరు దూరం కంప్యూటర్ లెక్క వేసేస్తుంది, ఆ రెండిటి మధ్య ఎప్పుడైనా విమానం ఎగిరిందా లేదా అన్నది అది చూడదు. సమయం కూడా అలాగే: పెద్ద జెట్ విమానం గంటకు 800 కిలోమీటర్లు పోతుందని పెట్టుకుని, ఎక్కడానికీ దిగడానికీ కలిపి ఒక అరగంట జోడించడం చాలా సైట్లు వాడే పద్ధతి. 150ని 800తో భాగిస్తే 11 నిమిషాలు, దానికి 30 కలిపితే 41. మన చిన్న విమానం లెక్క కూడా 40, 45 దగ్గరే తేలింది కదా అని అది సరైన లెక్క అనుకోకండి, ఈ ఒక్క దూరానికి కాకతాళీయంగా కలిసింది. అదే పద్ధతిలో జయపురం నుంచి భువనేశ్వర్‌కు, అంటే సుమారు 374 కిలోమీటర్లకు, 58 నిమిషాలు వస్తుంది. కారవాన్ విమానంలో గాలిలోనే గంటం పావు పడుతుంది, ముందూ వెనకా కలిపితే గంటన్నర. అరగంట తేడా అంటే భువనేశ్వర్‌లో ఇంకో విమానం అందుకోవాల్సినవాళ్లకు చిన్న విషయం కాదు.

నా కూతురు పదో తరగతి, తనతో ఈ లెక్క వేయించవచ్చా?

నిక్షేపంగా వేయించండి, పైథాగరస్ సూత్రం వస్తే చాలు. జయపురం ఎయిర్‌పోర్టు సుమారు 18.88 డిగ్రీల ఉత్తరం, 82.55 డిగ్రీల తూర్పు. ఉత్కేలా 20.10 ఉత్తరం, 83.18 తూర్పు. ఉత్తర దక్షిణాల తేడా 1.22 డిగ్రీలు, ఒక్కో డిగ్రీకి 111 కిలోమీటర్లు, అంటే 135. తూర్పు పడమరల తేడా 0.63 డిగ్రీలు. ఇక్కడ మాత్రం డిగ్రీకి 111 కాదు, 105 తీసుకోవాలి. ఎందుకంటే రేఖాంశాలు భూమధ్య రేఖ దగ్గర దూరంగా ఉండి ధ్రువాల వైపు పోయేకొద్దీ దగ్గర పడతాయి, మన ప్రాంతంలో వాటి మధ్య దూరం అంతకు తగ్గుతుంది. 0.63ని 105తో గుణిస్తే 66. ఇప్పుడు 135 వర్గం 18,225, 66 వర్గం 4,356, రెండూ కలిపితే 22,581. దాని వర్గమూలం 150. పాప ఒకసారి కాగితం మీద వేస్తే ఇంక ఏ సైటూ చూడక్కర్లేదు, మన చుట్టుపక్కల ఏ రెండు ఊళ్లకైనా వేసుకోవచ్చు.

భూమి గుండ్రంగా ఉంటుంది కదా, ఆ వంపు లెక్కలోకి రాదా?

వస్తుంది, కానీ 150 కిలోమీటర్లకు ఆ తేడా పట్టించుకునేంత ఉండదు. ఢిల్లీ నుంచి అమెరికా లాంటి దూరాలకు అది తప్పక చూడాలి.

జయపురం అని కొడితే రాజస్థాన్ ఎయిర్‌పోర్టు వస్తోంది, ఏం చేయాలి?

దీన్ని దయచేసి జాగ్రత్తగా చూడండి. ఇంగ్లిష్ అక్షరాల్లో మనదీ వాళ్లదీ దగ్గర దగ్గరగా ఉంటాయి, పలకడమూ అంతే, చాలామంది మన ఊరిని కూడా జైపూర్ అనే అంటారు. బుకింగ్ సైట్లలో పేరు మీద ఆధారపడొద్దు, కోడ్ చూడండి. మన ఎయిర్‌పోర్టు కోడ్ పీవైబీ. రాజస్థాన్‌ది జేఏఐ. మాకు తెలిసిన కుర్రాడొకడు బెంగళూరు నుంచి ఇంటికి రావడానికి టికెట్ తీసి, మెసేజ్ వచ్చాక చూసుకుంటే అది రాజస్థాన్‌కు. అదృష్టం బాగుండి అదే రోజు రద్దు చేసుకున్నాడు. పెద్దవాళ్లకు మీరు టికెట్ తీసిపెడుతున్నట్టయితే కోడ్ ఒకటికి రెండుసార్లు సరిచూడండి.

ఆ విమానం ఎలా ఉంటుంది?

సెస్నా గ్రాండ్ కారవాన్. ముందు ఒకే ఒక ఇంజన్, తిరిగే ప్రొపెల్లర్, ఇద్దరు పైలట్లు, తొమ్మిది మంది ప్రయాణికులు. ఏసీ బస్సు ఎక్కినట్టు నిలబడి నడిచే చోటు ఉండదు, తల వంచుకుని లోపలికి వెళ్లి కూర్చోవాలి. టాయిలెట్ ఉండదు, అందుకని పెద్దవాళ్లనూ పిల్లలనూ ఎక్కేముందే వెళ్లి రమ్మనండి. రెక్క కిటికీల కంటే పైన ఉంటుంది కాబట్టి కింద ఉన్నదంతా అడ్డం లేకుండా కనబడుతుంది.

ఇలాంటి విమానమే మన దగ్గరకు ఎందుకు వచ్చిందంటే, మా రన్‌వే చిన్నది. పెద్ద జెట్‌లు దిగాలంటే దాదాపు రెండు కిలోమీటర్ల రన్‌వే కావాలి. కారవాన్ అందులో సగం కూడా లేని చోట దిగి మళ్లీ లేవగలదు. పైగా జయపురం సముద్ర మట్టానికి దాదాపు 600 మీటర్ల ఎత్తున ఉంది, వేసవి మధ్యాహ్నం ఎండకు గాలి పలచబడుతుంది. గాలి పలచబడితే రెక్కలకూ ప్రొపెల్లర్‌కూ పట్టు తగ్గి విమానం లేవడానికి ఇంకా ఎక్కువ దూరం పరుగెత్తాలి, లేదంటే బరువు తగ్గించుకోవాలి.

అందుకేనా మనుషుల్ని కూడా తూకం వేస్తారు?

అవును. చిన్న విమానాల్లో ఇది మామూలే, సిగ్గుపడాల్సిన పని లేదు. తొమ్మిది మందిలో ఎవరు ముందు కూర్చోవాలి, ఎవరు వెనక కూర్చోవాలి అన్నది బరువును బట్టి చూస్తారు. లగేజీ కూడా టికెట్ మీద ఎంత రాసి ఉందో అంతే. ఊరగాయ జాడీలూ బియ్యం మూటలూ సాలూరు బస్సులో వేసినట్టు వేయడం కుదరదు.

కుదుపులు ఎక్కువా? భయం వేస్తుందా?

మొదటిసారి ఎక్కినవాళ్లకు కొంచెం వేస్తుంది. కొండల మీదుగా పోయేటప్పుడు, ముఖ్యంగా ఎండాకాలం మధ్యాహ్నం, వేడి గాలి పైకి తన్నుతుంటుంది కాబట్టి ఘాట్ రోడ్డు మీద జీపులో పోయినట్టు ఎగిరెగిరి పడుతుంది. పొద్దున్నే పోయే విమానమైతే చాలా నిమ్మళంగా ఉంటుంది. ఇంకొకటి, ఈ విమానం క్యాబిన్‌లో గాలి ఒత్తిడిని సర్దే ఏర్పాటు లేదు. పైకెక్కేటప్పుడూ దిగేటప్పుడూ చెవులు దిబ్బడ వేస్తాయి. చప్పరించడానికి ఏదైనా బిళ్ల ఇవ్వండి, చంటిపిల్లలైతే దిగే సమయంలో పాలు పట్టండి. జలుబు గట్టిగా ఉంటే ప్రయాణం రెండు రోజులు వాయిదా వేసుకోవడం మేలు.

వైజాగ్ సంగతి చెప్పండి, మాకు కావలసింది అదే.

తెలుసు. పది ఫోన్లు వస్తే ఎనిమిది దీని గురించే. జయపురం నుంచి వైజాగ్ ఎయిర్‌పోర్టుకు నేరు దూరం సుమారు 147 కిలోమీటర్లు. ఉత్కేలాకూ వైజాగ్‌కూ మనం దాదాపు సరిగ్గా మధ్యలో ఉన్నాం, అటు 150, ఇటు 147. కానీ రోడ్డు చూడండి. జయపురం నుంచి కొరాపుట్‌కు 22 కిలోమీటర్ల ఘాట్, అక్కడి నుంచి సెమిలిగుడ, పొట్టంగి, సుంకి ఘాట్ దిగి సాలూరు, రామభద్రపురం, గజపతినగరం, విజయనగరం. మొత్తం 220 కిలోమీటర్లు దాటుతుంది. కారులో ఐదున్నర, ఆరు గంటలు పట్టడం మామూలే. సుంకి ఘాట్‌లో బాక్సైట్ లారీ ఒకటి అడ్డంగా ఆగిపోయిందా, ఎంతసేపు పడుతుందో ఎవరూ చెప్పలేరు. రైలు మీద పోతే కిరండూల్ లైను, అరకు మీదుగా సొరంగాలన్నీ దాటి ఏడెనిమిది గంటలు. బైలదిల్లా ఇనుప ఖనిజం ఓడరేవుకు తేవడానికి 1960ల్లో వేసిన లైను అది, గూడ్సు బండ్లు ఎక్కువ, వానాకాలంలో కొండచరియలు పడి ఆగడమూ ఉంది.

విమానంలో గాలిలో అరగంట. జయపురంలో ఎయిర్‌పోర్టు ఊరిని ఆనుకునే ఉంది, వైజాగ్‌లో ఎన్‌ఏడీ కూడలి దగ్గర దిగితే ఆటోలో పావుగంటకు ఊళ్లో ఉంటాం. ఇంటి గుమ్మం నుంచి అక్కడి గుమ్మానికి మూడు గంటల లోపు. దూరం దాదాపు ఒకటే అయినా కొండ అడ్డం ఉన్న దిక్కున విమానానికి ఉన్న విలువ వేరు, అది మాకు తెలిసినట్టు మైదానం వాళ్లకు తెలియదు.

జయపురానికీ వైజాగ్‌కూ సంబంధం ఈనాటిది కాదు. జయపురం మహారాజు విక్రమదేవ వర్మ ఆంధ్ర విశ్వకళాపరిషత్తుకు ఏటా లక్ష రూపాయలు ఇచ్చారు. అక్కడి సైన్సు కాలేజీకి ఆయన పేరే పెట్టారు. ఒడియాలోనూ తెలుగులోనూ రాసిన మనిషి ఆయన. ఇప్పటికీ ఇక్కడ పెద్ద జబ్బు చేస్తే వైజాగ్ కేజీహెచ్ ఆస్పత్రి, పిల్లల చదువుకు వైజాగ్, పెళ్లి బట్టలకు వైజాగ్. అందుకే ఈ విమానం మాకు పండగ రోజు షికారు లాంటిది కాదు, చాలా ఇళ్లకు అవసరం.

వైజాగ్‌లో డాక్టర్ అపాయింట్‌మెంట్ ఉంది, అదే రోజు పొద్దున విమానానికి పోవచ్చా?

చలికాలంలో అయితే వద్దు. మా అమ్మ కంటి ఆపరేషన్ చెకప్‌కని జనవరిలో ఒకసారి అలాగే టికెట్ తీశాను. ఎయిర్‌పోర్టుకు వెళ్లేసరికి ఎదురుగా ఉన్న చెట్టు కూడా కనబడనంత మంచు. కాసేపట్లో విడిపోతుంది అన్నారు, పదిన్నర దాకా కూర్చున్నాం, చివరికి రద్దు. అప్పటికప్పుడు కారు మాట్లాడుకుని బయల్దేరితే సాయంత్రం చీకటి పడ్డాక చేరాం, ఆ రోజు అపాయింట్‌మెంట్ పోయింది. అమ్మ అంత దూరం వంకరదారిలో వాంతులతో పడ్డ అవస్థ తలుచుకుంటే ఇప్పటికీ మనసు కలుక్కుమంటుంది. అప్పటి నుంచి నేను అందరికీ చెప్పేది, నవంబరు నుంచి ఫిబ్రవరి దాకా ఆస్పత్రి పనికైనా పరీక్షకైనా ఒక రోజు ముందే చేరండి.

మంచు పడితే పెద్ద ఎయిర్‌పోర్టుల్లో దిగుతున్నాయి కదా, ఇక్కడెందుకు దిగవు?

పెద్ద ఎయిర్‌పోర్టుల్లో రన్‌వేకు దారి చూపే రేడియో పరికరాలు ఉంటాయి, పైలట్‌కు దాదాపు చివరిదాకా నేల కనబడకపోయినా గీత మీద తీసుకొస్తాయి. మా ఎయిర్‌పోర్టులో పైలట్ కంటితో చూసుకుని దిగాలి. అలా దిగాలంటే కనీసం ఐదు కిలోమీటర్ల దూరం స్పష్టంగా కనబడాలన్నది నియమం, మబ్బు కూడా మరీ కిందికి ఉండకూడదు. పొద్దు పోయాక అసలు నడపరు. చుట్టూ కొండలు, దేవమాలి శిఖరం 1,672 మీటర్లు, ఒడిశాలో అన్నిటికంటే ఎత్తైనది మన జిల్లాలోనే ఉంది. కనబడని మబ్బులో ఆ కొండల మధ్యకు దిగకపోవడమే మంచిది. రద్దు చేసినప్పుడు కోపం వస్తుంది, నాకూ వచ్చింది, కానీ కౌంటర్ దగ్గర ఉన్న పిల్లల మీద అరవకండి. ఆ నిర్ణయం వాళ్లది కాదు, సరైన నిర్ణయం కూడా.

రద్దయితే డబ్బులు వస్తాయా?

విమానం వాళ్లు రద్దు చేస్తే టికెట్ డబ్బు పూర్తిగా వెనక్కి ఇవ్వాలి, లేదా మీరు ఒప్పుకుంటే వేరే విమానంలో పంపాలి. వాతావరణం వల్ల రద్దయితే అదనంగా నష్టపరిహారం మాత్రం రాదు. రద్దు మెసేజ్‌ను స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి, ఏజెంటు ద్వారా టికెట్ తీసి ఉంటే డబ్బు మామూలుగా ఏజెంటు ద్వారానే వస్తుంది, వెంటపడి కనుక్కోండి.

టికెట్ ధర ఎందుకు ఒక్కోసారి ఒక్కోలా ఉంటోంది?

ఇవి ఉడాన్ పథకం కింద, అంటే చిన్న ఊళ్లకు తక్కువ ధరకు విమానాలు నడిపే ప్రభుత్వ పథకం కింద మొదలైన రూట్లు. 2017 ఏప్రిల్‌లో సిమ్లా నుంచి ఢిల్లీకి మొదటి ఉడాన్ విమానం ఎగిరినప్పుడు గంట ప్రయాణానికి 2,500 రూపాయలు అని ప్రచారం చేశారు. అది విమానంలో కొన్ని సీట్లకే వర్తించే మాట, మిగతా సీట్లు కంపెనీ ఇష్టం. ఆ తక్కువ ధర వల్ల వచ్చే లోటును పూడ్చడానికి కంపెనీకి ప్రభుత్వం డబ్బిస్తుంది, మామూలుగా మూడేళ్లు. మూడేళ్లు అయ్యాక ధర పెరగొచ్చు, వారానికి తిరిగే రోజులు తగ్గొచ్చు, రూటే ఆగిపోవచ్చు. అందుకే నేను ఇక్కడ టైంటేబుల్ రాయడం లేదు. టికెట్ తీసే రోజున కంపెనీ సొంత సైట్‌లో చూడండి, దూరాలు చూపే సైట్లలో కాదు.

సరే, ఉత్కేలాకే పోవాలి. భువనేశ్వర్ మీదుగా విమానంలో పోతే?

జయపురం నుంచి భువనేశ్వర్ 374 కిలోమీటర్లు, అక్కడి నుంచి ఉత్కేలా సుమారు 276. మొత్తం 650 కిలోమీటర్లు ఎగిరితే 150 కిలోమీటర్ల అవతల దిగుతారు. గాలిలోనే రెండు గంటలు దాటుతుంది, మధ్యలో భువనేశ్వర్‌లో ఎదురుచూపు, రెండు టికెట్లు, మొదటిది ఆలస్యమైతే రెండోది పోతుంది. భువనేశ్వర్‌లో ఎలాగూ పని ఉంటే తప్ప ఇలా పోకండి.

రోడ్డున పోతే?

అదే సరైన దారి. జయపురం, బొరిగుమ్మ, నవరంగపురం, పాపడాహండి, అంపాణి ఘాట్, జునాగఢ్, భవానీపట్న, అక్కడి నుంచి కేసింగ రోడ్డులో ఉత్కేలా. అంతా కలిపి దాదాపు 200 కిలోమీటర్లు, చాలావరకు 26వ నంబరు జాతీయ రహదారి. సుంకి ఘాట్‌తో పోలిస్తే ఈ దారి సులువు, అంపాణి దగ్గర ఒక్కచోటే కొండ ఎక్కి దిగాలి. పొద్దున ఆరింటికి బయల్దేరితే నవరంగపురంలో టిఫిన్ చేసి మధ్యాహ్నం భోజనానికి అక్కడుంటారు. 150 కిలోమీటర్ల నేరు దూరానికి 200 కిలోమీటర్ల రోడ్డు అంటే మా వైపు మంచి లెక్కే, ఎందుకంటే వైజాగ్ రోడ్డులో అదే 147కి 220 దాటుతోంది.

లాంజిగఢ్‌లో పనిచేసేవాళ్లూ, కేసింగలో పత్తి వ్యాపారం చేసేవాళ్లూ ఆంధ్ర వైపు నుంచి వస్తుంటే ఈ గొడవే లేదు, విజయనగరం నుంచి రాయగడ మీదుగా రాయపూర్ పోయే రైలు లైను మీద కేసింగ స్టేషన్ ఉంది, ఉత్కేలాకు దగ్గర.

జగదల్‌పూర్ ఎయిర్‌పోర్టు మనకు దగ్గర కదా, జయపురం నుంచి అక్కడికి విమానం ఉందా?

నేరు దూరం సుమారు 58 కిలోమీటర్లే. ఇంత దగ్గరకు ఎవరూ విమానం నడపరు, పైకెక్కి సర్దుకునేలోపే దిగాల్సి వస్తుంది. బొరిగుమ్మ, కొట్పాడ్ మీదుగా కారులో రెండు గంటల్లో చేరతారు, ఘాట్ లేదు. కానీ హైదరాబాద్ పోవాలనుకునేవాళ్లు జగదల్‌పూర్‌ను మరిచిపోకండి. 2020 సెప్టెంబరు 21న అక్కడి నుంచి హైదరాబాద్‌కూ రాయపూర్‌కూ విమానం మొదలైంది, ఏటీఆర్ లాంటి పెద్ద విమానాలు దిగుతాయి. వైజాగ్ దాకా ఆరు గంటలు పోయి అక్కడ విమానం ఎక్కడం కంటే పడమటికి రెండు గంటలు పోయి ఎక్కడం చాలాసార్లు నయం. హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేసే మా పిల్లలు చాలామంది ఇప్పుడు ఇలాగే వస్తున్నారు.

మేం రాయగడ, గుణుపురం, పర్లాకిమిడి వాళ్లం. జయపురం వచ్చి విమానం ఎక్కడం లాభమా?

కాదు. రాయగడ నుంచి జయపురం రావడానికే ఘాట్ రోడ్డులో మూడు గంటలకు పైగా పడుతుంది. రాయగడ వాళ్లకు పార్వతీపురం, బొబ్బిలి మీదుగా రైలు ఉంది, వైజాగ్‌కు సుమారు నాలుగు గంటలు. పర్లాకిమిడి వాళ్లు టెక్కలి దగ్గర జాతీయ రహదారి ఎక్కితే చాలు. మంచి రైలు ఉన్నవాళ్లకు ఈ చిన్న విమానం కొత్తగా చేసే మేలు ఏమీ లేదు.

వైజాగ్ విమానాలు భోగాపురం కొత్త ఎయిర్‌పోర్టుకు మారితే మాకు లాభమా నష్టమా?

రోడ్డున పోయేవాళ్లకు లాభం. సాలూరు నుంచి వచ్చే మన 26వ నంబరు రోడ్డు విజయనగరం దాటి నాతవలస దగ్గర పెద్ద హైవేలో కలుస్తుంది, భోగాపురం ఆ పక్కనే. వైజాగ్ ట్రాఫిక్‌లోకి దిగకుండానే ఎయిర్‌పోర్టుకు చేరొచ్చు. జయపురం నుంచి విమానంలో వెళ్లేవాళ్లకు నేరు దూరం సుమారు 140 కిలోమీటర్లు, అంటే పెద్ద తేడా లేదు, కానీ దిగాక కేజీహెచ్‌కు పోవడానికి ఇంకో గంటకు పైగా రోడ్డు ప్రయాణం కలుస్తుంది. ఆస్పత్రి పని మీద వెళ్లేవాళ్లు ఇది లెక్కలో పెట్టుకోవాలి.

రోగిని ఈ విమానంలో తీసుకెళ్లొచ్చా?

తనంతట తాను మెట్లెక్కి, సీట్లో కూర్చోగలిగే మనిషైతే, డాక్టర్ సరేనంటే తీసుకెళ్లొచ్చు. స్ట్రెచర్‌కు చోటు లేదు. నేను ముందు చెప్పిన గాలి ఒత్తిడి విషయం ఇక్కడ మరీ ముఖ్యం. కొండలు దాటడానికి తొమ్మిది పది వేల అడుగుల ఎత్తున పోవాల్సి వస్తే లోపలి గాలి కూడా ఆ ఎత్తులో ఉన్నంత పలచగానే ఉంటుంది. పెద్ద జెట్‌లు ముప్పై ఐదు వేల అడుగుల మీద పోయినా లోపల ఆరు నుంచి ఎనిమిది వేల అడుగుల ఎత్తున్నంత గాలి ఉండేలా ఒత్తిడి పెడతారు. అందుకని గుండె జబ్బు, ఆయాసం, ఈమధ్యే ఆపరేషన్ అయినవాళ్లు, నెలలు నిండిన గర్భిణులు డాక్టర్‌ను అడగకుండా ఎక్కొద్దు. ప్రయాణానికి ఫర్వాలేదని కాగితం రాయించుకుని వెంట పెట్టుకోండి. అర్జెంటు కేసైతే విమానం కోసం చూడకుండా 108కి ఫోన్ చేసి కొరాపుట్ మెడికల్ కాలేజీకి పోవడమే, అక్కడ నిలకడగా ఉన్నాక వైజాగ్ సంగతి.

జయపురం నుంచి ఉత్కేలాకు నేరుగా విమానం వేయమని అడగొద్దా?

అడగొచ్చు, కానీ నా మాట వేరు. తొమ్మిది సీట్లు నిండాలంటే రోజూ తొమ్మిది మంది కావాలి, ఘాట్ తక్కువున్న 200 కిలోమీటర్ల రోడ్డుకు అంతమంది డబ్బు పెట్టరు. మనం గట్టిగా అడగాల్సింది వైజాగ్ విమానం వారంలో అన్ని రోజులూ తిరగాలని, మంచు కాలంలో మధ్యాహ్నానికి సమయం మార్చాలని. పొద్దున ఎనిమిదికి రద్దయ్యే విమానం పన్నెండు గంటలకు హాయిగా ఎగరగలదు. ఎండ వచ్చాక కొరాపుట్ ఆకాశం ఎంత శుభ్రంగా ఉంటుందో ఇక్కడ పుట్టిన అందరికీ తెలుసు. ఎయిర్‌పోర్టు వాళ్లకైనా ఎమ్మెల్యేకైనా అర్జీ రాసేటప్పుడు ఈ ఒక్క ముక్క రాయండి.

ఎంత ముందు వెళ్లాలి? ఏం కాగితాలు కావాలి?

టికెట్ మీద రాసిన రిపోర్టింగ్ సమయానికి వెళ్లండి, గంట ముందు ఉంటే సాధారణంగా సరిపోతుంది. ఆధార్ గానీ ఓటరు కార్డు గానీ అసలుది పట్టుకెళ్లండి. టికెట్ మీద పేరూ కార్డు మీద పేరూ ఒకేలా ఉండాలి. మన వాళ్ల కార్డుల్లో ఇంటిపేరు ముందో వెనకో ఉండటం, ఒడియా నుంచి ఇంగ్లిష్‌లోకి రాసినప్పుడు అక్షరాలు మారడం చాలా ఉంది, టికెట్ తీసేటప్పుడే కార్డు ముందు పెట్టుకుని అక్షరం అక్షరం చూసి కొట్టండి.

వైజాగ్ పోయేటప్పుడు ఏ వైపు కూర్చుంటే బాగుంటుంది?

సీటు వాళ్లే చెప్పకపోతే ఎడమ వైపు. లేచిన కొద్ది నిమిషాలకే కిందికి కొలాబ్ డ్యామ్ నీళ్లు కనబడతాయి, మధ్యలో చిన్న చిన్న దీవులతో. ఎడమ పక్కన దూరంగా దేవమాలి వరస. ఆ తర్వాత నేరు గీత సరిగ్గా అరకు మీదుగా పోతుంది, పైలట్ కాస్త అటూ ఇటూ పోయినా ఆ లోయ కనబడుతుంది. నవంబరులో అయితే వలిసె పూల చేలు పచ్చగా పసుపు ముద్దల్లా ఉంటాయి. మీరు ఎన్నోసార్లు రైల్లో కూర్చుని దాటిన ఆ సొరంగాల కొండలే అవి. అవి అయిపోగానే నేల ఒక్కసారిగా కిందికి దిగిపోతుంది, కాసేపటికి ఎదురుగా సముద్రం.